గుర్తు, గుర్తింపు: వివాదాస్పద భూభాగాల్లో హామ్ రేడియో కాల్‌సైన్లు

స్మారకోపన్యాసం

1. ఒక మాట, రెండు అర్థాలు

‘గుర్తింపు’ అనే తెలుగు మాటకు రెండు అర్థాలున్నాయి. చీకటిలో వస్తున్న మనిషిని గొంతునుబట్టి ఫలానా అని పోల్చుకోవడం గుర్తింపే. ఒక సంస్థకు గాని, పాలనకు గాని యోగ్యత ఉన్నదని ఒప్పుకొని హోదా కల్పించడమూ గుర్తింపే. మొదటిది ఆనవాలు పట్టడం, రెండవది ఆమోదం తెలపడం. నిత్యవ్యవహారంలో ఈ రెండర్థాలూ ఒకే మాటలో ఒదిగిపోయినా ఇబ్బంది కలగదు. కాని ఒకే నేలను రెండు ప్రభుత్వాలు తమదంటున్న చోట, లేదా ఒక నేలను ఏలుతున్న ప్రభుత్వాన్ని కొన్ని దేశాలు అంగీకరించి మరికొన్ని నిరాకరిస్తున్న చోట, ఆనవాలు పట్టడాన్ని సైతం ఆమోదంగా భావించి అడ్డుకునే పరిస్థితి ఏర్పడుతుంది. ఈ చిక్కు పాస్‌పోర్టుల్లోనూ తపాలా బిళ్ళల్లోనూ ఉన్నదే అయినా, హామ్ రేడియోలో అది మరింత స్పష్టంగా కనిపిస్తుంది; ఎందుకంటే అక్కడ మనిషి గాలిలోకి మాట విడిచిన ప్రతిసారీ తన పేరుకంటె ముందు, తనకు లైసెన్సు ఇచ్చిన దేశాన్ని తెలిపే అక్షరాలను పలకవలసి ఉంటుంది.

మరణించిన హామ్‌ను తోటి హామ్‌లు ‘సైలెంట్ కీ’ అని పేర్కొంటారు. మూగవోయిన మోర్స్ మీట అని దాని భావం. అలా మూగవోయిన మీటల స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసంలో, ఆ మీటలు మోగుతున్న కాలంలో వారిని లోకానికి ఎరుకపరచిన కాల్‌సైన్‌ను గురించి, అది అందరికీ సమానంగా దక్కని తీరును గురించి విచారించడం సముచితం.

2. కాల్‌సైన్ వెనుకనున్న చట్టం

హామ్ రేడియో, అంటే అమెచ్యూర్ రేడియో సేవ, లాభాపేక్ష లేకుండా స్వయంశిక్షణ కోసం, సాంకేతిక పరిశోధన కోసం, పరస్పర సంభాషణ కోసం వ్యక్తులు నడుపుకొనే రేడియో వ్యవస్థ. షార్ట్‌వేవ్ తరంగాలు వాతావరణపు పైపొరల్లోని ఐనోస్ఫియర్‌ను తాకి తిరిగి భూమి మీదికి వస్తాయి గనుక, ఒక ఇంటి మిద్దెమీది తీగనుంచి వెలువడిన సంకేతం సముద్రాలు దాటి మరొక ఖండంలో వినిపించగలదు. తరంగానికి సరిహద్దు తెలియదు గనుకనే దానిని పంపే మనిషిని సరిహద్దుతో ముడివేయవలసి వచ్చింది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్, అంటే ఐటీయూ, రూపొందించిన రేడియో నియమావళిలోని 18వ అధికరణం ప్రకారం ఏ ప్రైవేటు వ్యక్తి అయినా ప్రసారకేంద్రాన్ని నెలకొల్పాలంటే ఆ కేంద్రం ఏ దేశపు అధికారపరిధికి లోబడి ఉన్నదో ఆ దేశప్రభుత్వం నుంచి లైసెన్సు పొంది తీరాలి. 19వ అధికరణం ప్రకారం ప్రసారాలను ఎవరివో పోల్చుకోగలిగి ఉండాలి, తప్పుడు ఆనవాలుతో ప్రసారం చేయడం నిషిద్ధం. 25వ అధికరణం ప్రకారం అమెచ్యూర్ కేంద్రం సంభాషణ సాగుతుండగా తక్కువ వ్యవధుల్లో తన కాల్‌సైన్‌ను మళ్ళీ మళ్ళీ తెలియజేయాలి.

కాల్‌సైన్‌లో మూడు భాగాలుంటాయి. మొదట దేశాన్ని సూచించే ఒకటి రెండు అక్షరాలు లేదా అంకె కలిసిన అక్షరం, దీనిని ప్రిఫిక్స్ అంటారు. తరువాత ఒక అంకె, అది కొన్ని దేశాల్లో ప్రాంతాన్ని, కొన్ని దేశాల్లో లైసెన్సు తరగతిని తెలుపుతుంది. చివర ఆ వ్యక్తికి మాత్రమే చెందిన అక్షరాలు. భారతీయ హామ్‌ల కాల్‌సైన్లు సాధారణంగా వీయూ2, వీయూ3 అని మొదలవుతాయి. అండమాన్, నికోబార్ దీవులకు వీయూ4, లక్షద్వీప్‌కు వీయూ7 ప్రత్యేకించారు. ఏ అక్షరాలు ఎవరివన్నది ఐటీయూ పట్టిక నిర్ణయిస్తుంది. కొత్త శ్రేణి కావలసిన సభ్యదేశం ఐటీయూకు దరఖాస్తు చేసుకుంటుంది. ప్రపంచ రేడియో సమావేశాల మధ్యకాలంలో సెక్రటరీ జనరల్ తాత్కాలికంగా కేటాయించవచ్చు. వివాదాస్పద భూభాగాల సమస్యకు మూలం ఈ ఏర్పాటులోనే ఉన్నది: దరఖాస్తు చేయవలసింది సభ్యదేశపు ప్రభుత్వం గనుక, సభ్యత్వం లేని పాలన కింద బతుకుతున్న మనిషి తరఫున అడిగేవారు ఎవరూ ఉండరు.

3. ఈ పట్టిక సార్వభౌమ రాజ్యాల జాబితా కాదు

ఐటీయూ పట్టికలో చోటు దక్కడమంటే సార్వభౌమాధికారం సిద్ధించడమే అన్న భావన బలంగా ఉన్నది గాని, పట్టికను నిదానంగా చదివితే ఆ భావన నిలవదు. 4యూ శ్రేణి ఐక్యరాజ్యసమితిది, సీ7 శ్రేణి ప్రపంచ వాతావరణ సంస్థది, 4వై శ్రేణి అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థది. వీటిలో ఏ ఒక్కటీ రాజ్యం కాదు. హాంకాంగ్‌కు వీఆర్, మకావ్‌కు ఎక్స్‌ఎక్స్ శ్రేణులు చైనా పేరుతోనే, కాని విడివిడిగా ఉన్నాయి.

ఈ విషయంలో భారతదేశ చరిత్రే అన్నిటికంటె బలమైన సాక్ష్యం. 1865లో అంతర్జాతీయ టెలిగ్రాఫ్ యూనియన్‌గా పుట్టిన ఐటీయూలో భారతదేశం 1869లోనే, అంటే స్వాతంత్ర్యానికి 78 ఏళ్ళ ముందే, సభ్యత్వం పొందింది. నేటికీ భారతీయ రేడియో కేంద్రాలు వాడుతున్న వీటీ నుంచి వీడబ్ల్యూ వరకుగల అక్షరశ్రేణి 1927లో వాషింగ్టన్‌లో జరిగిన రేడియోటెలిగ్రాఫ్ సమావేశపు నాటిది. ఆనాడు ఆ అక్షరాలు పొందిన దేశం పరాధీనమే. అక్షరాలు ఇచ్చినంత మాత్రాన దానికి స్వరాజ్యం రాలేదు, స్వరాజ్యం వచ్చాక ఆ అక్షరాలు మారనూ లేదు. తంతి నడుపుతున్నది ఎవరు, పొరపాటు జరిగితే జవాబు చెప్పవలసింది ఎవరు అన్న ప్రశ్నలకు సమాధానంగా పుట్టిన పట్టిక ఇది. తొలినాటి ఈ ప్రయోజనాన్ని మరువకుండా ఉంటే తరువాతి వివాదాల్లో చాలావరకు వాటి నిజస్వరూపంలో కనిపిస్తాయి.

4. ఎనిమిదవ అంకె కథ: కొసోవో

యుగోస్లావియా సమాఖ్యలో హామ్‌ల కాల్‌సైన్లు వైయూ అక్షరాలతో మొదలయ్యేవి. వాటి తరువాతి అంకె ప్రాంతాన్ని తెలిపేది. సెర్బియాకు 1, క్రొయేషియాకు 2, స్లొవేనియాకు 3, బోస్నియా-హెర్జెగోవినాకు 4, మాసిడోనియాకు 5, మాంటెనీగ్రోకు 6 ఉండగా, సెర్బియాలోని స్వయంపాలిత ప్రాంతాలైన వొయివొదీనాకు 7, కొసోవోకు 8 కేటాయించారు. సమాఖ్య విచ్ఛిన్నమైనప్పుడు రిపబ్లిక్కులన్నీ ఒక్కొక్కటిగా ఐక్యరాజ్యసమితిలో, ఐటీయూలో చేరి సొంత అక్షరాలు పొందాయి: స్లొవేనియాకు ఎస్5, క్రొయేషియాకు 9ఏ, మాసిడోనియాకు జెడ్3, బోస్నియాకు మొదట టీ9, తరువాత ఈ7, 2006లో విడివడిన మాంటెనీగ్రోకు 4ఓ. వైటీ, వైయూ అక్షరాలు సెర్బియాకు మిగిలాయి. వీటిలో మాసిడోనియా ఉదాహరణ ప్రత్యేకంగా గమనించదగినది. ఆ దేశం పేరుమీద గ్రీస్ తీవ్రమైన అభ్యంతరం తెలపడంవల్ల 1993లో ఐక్యరాజ్యసమితి దానిని తాత్కాలికమైన పేరుతో చేర్చుకోవలసి వచ్చింది. 2018 నాటి ప్రెస్పా ఒప్పందం తరువాత, 2019లో, అది ఉత్తర మాసిడోనియా అయింది. పేరుమీద పావుశతాబ్దం పైగా సాగిన ఆ తగవులో జెడ్3 అనే రెండు గుర్తులు ఎవరి పక్షమూ వహించకుండా తమ పని తాము చేసుకుపోయాయి. అర్థంలేని అక్షరానికి ఉన్న గొప్ప సుగుణం అదే: అది ఆనవాలు చెబుతుంది, వాదించదు.

ఎనిమిదవ అంకెకు అటువంటి దారి దొరకలేదు. 1999 జూన్ 10న భద్రతామండలి ఆమోదించిన 1244వ తీర్మానంతో కొసోవో ఐక్యరాజ్యసమితి పాలనలోకి వచ్చింది. 2008 ఫిబ్రవరి 17న స్వాతంత్ర్యం ప్రకటించుకున్నది. ఆ ప్రకటన అంతర్జాతీయ చట్టాన్ని ఉల్లంఘించలేదని 2010 జులై 22న అంతర్జాతీయ న్యాయస్థానం సలహాపూర్వక అభిప్రాయం తెలిపింది. అయినా సెర్బియా, దానితోపాటు రష్యా, చైనా వంటి దేశాలు కొసోవోను అంగీకరించలేదు, ఐటీయూ సభ్యత్వమూ దానికి లేదు. అక్కడి నియంత్రణ సంస్థ పట్టికలో ఎవరికీ చెందని జెడ్6 అక్షరాలను ఎంచుకొని తన హామ్‌లకు లైసెన్సులు జారీ చేయసాగింది. హామ్ దృష్టితో చూస్తే ఇది సహజమైన చర్య: పరీక్ష పెట్టేవారు, లైసెన్సు ఇచ్చేవారు, అంతరాయం కలిగితే తనిఖీ చేసేవారు అక్కడ ఉన్నారు, లేనిది ఐటీయూ ముద్ర ఒక్కటే. పట్టిక దృష్టితో చూస్తే ఇందులో నిజమైన ప్రమాదమూ ఉన్నది. ఖాళీగా కనిపించిన అక్షరాలను ఎవరికి వారు తీసుకోవడం మొదలుపెడితే రేపు అవే అక్షరాలు మరొక సభ్యదేశానికి అధికారికంగా దక్కవచ్చు. 2011లో స్వతంత్రమైన దక్షిణ సూడాన్‌కు జెడ్8 దక్కిన తీరు చూస్తే అటువంటి అవసరం ఎప్పుడైనా రావచ్చునని తెలుస్తుంది. ఒకే ఆనవాలు ఇద్దరికి ఉండటం ఆనవాలు లేకపోవడంకంటె నయమేమీ కాదు.

అదే కొసోవోలో టెలిఫోన్ల విషయం మరొక రీతిగా పరిష్కారమైంది. చాలాకాలం అక్కడి స్థిరఫోన్లు సెర్బియా కోడైన 381తోను, మొబైల్ ఫోన్లు మొనాకో కోడైన 377తోను, స్లొవేనియా కోడైన 386తోను పనిచేశాయి. ఒక్క ఊరిలోని ఇరుగుపొరుగులు మూడు దేశాల నంబర్లతో పలకరించుకునేవారు. ఐరోపా సమాఖ్య మధ్యవర్తిత్వంతో బ్రసెల్స్‌లో జరిగిన చర్చల్లో ఉభయపక్షాలు కుదుర్చుకున్న అంగీకారాన్ని అనుసరించి 2016 డిసెంబరులో 383 అనే కోడ్ కేటాయింపు జరిగింది. సెర్బియా తన వైఖరిని వదులుకోలేదు, కొసోవో తన ప్రకటనను ఉపసంహరించుకోలేదు, ఫోన్లు మాత్రం మోగసాగాయి. అంతకుముందు 2012లోనే ప్రాంతీయ సమావేశాల్లో కొసోవో పేరు పక్కన నక్షత్రపు గుర్తు పెట్టి, ఈ ప్రయోగం దాని హోదాపై ఎవరి వైఖరికీ భంగకరం కాదని అధోజ్ఞాపికలో రాసుకునే పద్ధతికి ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. అంటే గుర్తును గుర్తింపునుంచి వేరుచేసే ఉపాయం దౌత్యవేత్తలకు తెలియనిది కాదు. టెలిఫోన్‌కు దక్కిన ఆ ఉపాయం కాల్‌సైన్‌కు దక్కలేదు.

5. ఒక దీవి, మూడు ఆనవాళ్ళు: సైప్రస్

సైప్రస్ దీవిలో ఈ సమస్య తరతరాల పొరలుగా పేరుకున్నది. బ్రిటిష్ వలసగా ఉన్నప్పుడు అక్కడి కాల్‌సైన్లు జెడ్‌సీ4తో మొదలయ్యేవి. 1960లో స్వతంత్రమైన సైప్రస్ గణతంత్రానికి 5బీ దక్కింది. కాని అక్రోతిరి, ధెకేలియా అనే రెండు సైనికస్థావర ప్రాంతాలను, సుమారు 254 చదరపు కిలోమీటర్ల నేలను, బ్రిటన్ తన సార్వభౌమాధికారం కిందనే ఉంచుకోవడంవల్ల జెడ్‌సీ4 అక్కడ నేటికీ బతికి ఉన్నది. 1974లో గ్రీకు సైనిక పాలకుల ప్రోద్బలంతో జరిగిన కుట్ర, ఆ వెంటనే టర్కీ సైన్యపు ప్రవేశం దీవిని రెండుగా చీల్చాయి. 1983 నవంబరు 15న ఉత్తరభాగం టర్కిష్ రిపబ్లిక్ ఆఫ్ నార్తర్న్ సైప్రస్‌గా ప్రకటించుకోగా, భద్రతామండలి 541వ తీర్మానంతో ఆ ప్రకటన చట్టరీత్యా చెల్లదని పేర్కొన్నది. టర్కీ ఒక్కటే ఆ రాజ్యాన్ని అంగీకరిస్తున్నది.

ఉత్తరభాగపు హామ్‌లు వాడుతున్న అక్షరాలు 1బీ. సున్నాతో గాని, ఒకటితో గాని మొదలయ్యే శ్రేణులను ఐటీయూ ఎవరికీ కేటాయించదు గనుక, ఈ ఎంపిక మరొక దేశపు అక్షరాలతో ఢీకొనదు. అదే సమయంలో, అది ఏ పట్టికలోనూ లేదన్న సంగతిని ఆ ఒకటి అనే అంకె ప్రతి సంభాషణలోనూ చాటిచెబుతుంది. పశ్చిమ సహారానుంచి వినిపించే ఎస్0 కూడా ఇటువంటిదే. 1976లో స్పెయిన్ వైదొలగిన తరువాత మొరాకో, పొలిసారియో ఉద్యమం ఆ ఎడారిమీద హక్కుకోసం తలపడుతుండగా, అక్షరం తరువాత సున్నా వచ్చే ఆ కూర్పును ఖాళీగా ఉన్నందువల్లనే ఎంచుకున్నారు. ఉత్తర సైప్రస్ ఫోన్లు టర్కీ కోడైన 90 కింద 392 సంఖ్యతో పనిచేస్తున్నాయి. మరొక దేశపు నీడలో ఫోన్ మోగినంత సులభంగా రేడియో మోగదు. ఫోన్ నంబరు యంత్రానికి సంబంధించినది, కాల్‌సైన్ మనిషి నోటినుంచి వెలువడేది. సైప్రస్ గణతంత్రం దృష్టిలో ఉత్తరాన తన లైసెన్సు లేని కేంద్రం అక్రమమైనది. ఉత్తరాన ఉన్న హామ్‌కు ఆ లైసెన్సు కోరడమంటే తాను నివసిస్తున్న పాలనను తిరస్కరించడం. ఈ రెండింటి నడుమ అతడు ఏ అక్షరాలు పలికినా అది రాజకీయ ప్రకటనే అవుతుంది.

క్రిమియాలో చిక్కు మరొక రకమైనది. ఉక్రెయిన్ పట్టికలోని యూయూ అక్షరాలు క్రిమియా హామ్‌ల ఆనవాలుగా ఉండేవి. 2014లో రష్యా ఆ ద్వీపకల్పాన్ని కలుపుకున్నాక తన కాల్‌సైన్లను అక్కడ జారీ చేసింది. అదే ఏడాది మార్చి 27న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 68/262 తీర్మానంతో ఉక్రెయిన్ భౌగోళిక సమగ్రతను సమర్థించింది. అక్కడ అక్షరాలు కొరవడలేదు, రెండు జతలయ్యాయి. రెండూ పట్టికలో ఉన్న సభ్యదేశాలవే. పట్టిక ఒక్కటే సమస్త వివాదాలనూ తీర్చజాలదని చెప్పడానికి ఈ ఉదాహరణను కూడా చూడవలసి ఉన్నది.

6. దారి ఉన్నదని చూపిన ఉదాహరణ: పాలస్తీనా

1998లో మినియాపొలిస్‌లో జరిగిన ఐటీయూ ప్లీనిపొటెన్షియరీ సమావేశం, అంటే సభ్యదేశాల అత్యున్నత సభ, 99వ తీర్మానంతో పాలస్తీనాకు పూర్తి సభ్యత్వం ఇవ్వకుండానే రేడియో నియమావళికి సంబంధించిన కొన్ని హక్కులు కల్పించింది. దాని అనంతరం ఈ4 అక్షరశ్రేణి పాలస్తీనా అథారిటీకి కేటాయింపు అయింది. పట్టికలో ఆ పంక్తి పక్కన 99వ తీర్మానం ప్రస్తావన ఉంటుంది. రాజ్యహోదా ప్రశ్నను తేల్చకుండా పక్కన ఉంచి, ఆ నేలమీది కేంద్రానికి ఆనవాలు కల్పించడం సాధ్యమేనని దీనివల్ల రుజువైంది. అయితే అక్షరాలు ఇచ్చినంతమాత్రాన గాలి స్వేచ్ఛగా అందదు; 1995 నాటి ఓస్లో మధ్యంతర ఒప్పందం ఫ్రీక్వెన్సీల కేటాయింపును ఇజ్రాయెల్, పాలస్తీనా ఉభయపక్షాల సంయుక్త సాంకేతిక సంఘానికి వదిలినందున, ఆచరణలో అనుమతి మరొక చేతిలో ఉండిపోయింది. కాల్‌సైన్ అవసరమైన మొదటి మెట్టు మాత్రమే.

7. ప్రైవేటు జాబితాకు వచ్చిన బరువు

అధికారిక పట్టిక మౌనం వహించిన చోట, ఒక అభిరుచి సంఘపు జాబితా దాని స్థానాన్ని ఆక్రమించడం ఈ చరిత్రలో మరొక విశేషం. అమెరికన్ రేడియో రిలే లీగ్ 1937లో ప్రారంభించిన డీఎక్స్‌సీసీ పురస్కారం నూరు దేశాల హామ్‌లతో సంభాషించినవారికి దక్కుతుంది. 1935లోనే ఆ సంస్థ పత్రికలో దేశాలను ఎలా లెక్కించాలన్న వ్యాసం వెలువడింది. అప్పటినుంచి ఆ జాబితాలో పేరుండటం ఎంతటి ప్రతిష్ఠ అయిందంటే, జాబితాలో లేని నేలనుంచి పలికే హామ్‌తో మాట్లాడటానికి చాలామంది ఆసక్తి చూపరు, కొత్తగా చేరిన నేలకు ప్రపంచమంతటినుంచీ పిలుపులు వెల్లువెత్తుతాయి. చాలాకాలం రాజకీయ ప్రాతిపదికన చేరడానికి ఐక్యరాజ్యసమితి సభ్యత్వం గాని, ఐటీయూ ఇచ్చిన అక్షరశ్రేణి గాని అవసరమయ్యేవి. 2018 జనవరిలో నియమాన్ని సవరించి, అమెరికా విదేశాంగశాఖ ప్రచురించే స్వతంత్ర రాజ్యాల జాబితాను కూడా ఆధారంగా స్వీకరించారు; దానితో ఆ నెల 21నుంచి కొసోవో 340వ ప్రాంతంగా చేరింది. కొసోవో హామ్‌లకు అది న్యాయమే. అయినా ఒక దేశపు విదేశాంగనీతి మీద ఆధారపడిన జాబితా అంతర్జాతీయ పట్టికకు బదులు కాజాలదు. ఎవరి ఆనవాలైనా మరొక దేశపు ఆమోదం మీద నిలబడకూడదన్నదే ఈ ఉపన్యాసపు మూలవాదం.

8. ఆనవాలు లేని మనిషికి కలిగే నష్టం

టిబెట్, సిక్కిం హామ్‌ల ఉదంతాలు ఈ ఉపఖండానికి దగ్గరివి. టిబెట్‌కు ఏసీ4, సిక్కింకు ఏసీ3 అక్షరాలు వాడుకలో ఉండేవి. ఏసీ అక్షరాలు నేటి పట్టికలో అమెరికాకు చెందుతాయి గనుక అవి అధికారికమైన కేటాయింపులు కావు. సిక్కిం చివరి చోగ్యాల్, అంటే రాజు, పాల్దెన్ తొందుప్ నాంగ్యాల్ స్వయంగా ఏసీ3పీటీ అనే కాల్‌సైన్‌తో ప్రపంచానికి వినిపించేవారు. టిబెట్ ప్రభుత్వ కొలువులో రేడియో ఆపరేటర్‌గా చేరిన బ్రిటిష్ పౌరుడు రాబర్ట్ ఫోర్డ్ ఏసీ4ఆర్‌ఎఫ్ పేరుతో హామ్‌లతో సంభాషించేవారు. 1950 అక్టోబరులో చైనా సైన్యం టిబెట్‌లోని చామ్‌డోను పట్టుకున్నప్పుడు ఆయన బందీ అయి, గూఢచర్యం ఆరోపణపై దాదాపు ఐదేళ్ళు నిర్బంధంలో గడిపి 1955లో విడుదలయ్యారు. రేడియో యంత్రం ముందు కూర్చున్న మనిషిని ఆక్రమించిన సైన్యం అనుమానించడం ఏ కాలంలోనైనా జరిగేదే. అటువంటి సమయంలో లైసెన్సు, దాని వెనుక ఉభయపక్షాలూ అంగీకరించిన ఒక అంతర్జాతీయ నమోదు ఉండటమే ఆ మనిషికి మిగిలే రక్షణ.

కాల్‌సైన్‌కు ఆపత్కాలంలో ఉన్న విలువ తెలుగునేలతో ముడిపడిన ఒక ఘట్టంలో వెల్లడైంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో, చాలా ఏళ్ళపాటు హామ్ ప్రసారాలు లేని అండమాన్ నుంచి ప్రసారం చేయడానికి ప్రభుత్వ అనుమతి సంపాదించి, 2004 డిసెంబరులో భారతీప్రసాద్ నాయకత్వాన ఒక బృందాన్ని పోర్ట్‌బ్లెయిర్‌కు పంపింది. డిసెంబరు 26న సునామీ వచ్చి ఫోన్లు నిలిచిపోయినప్పుడు, ప్రపంచమంతటా హామ్‌లు అప్పటికే కొన్ని వారాలుగా వింటున్న వీయూ4 కాల్‌సైన్లే దీవులనుంచి వార్తలు మోశాయి. ఆ వార్తను విన్నవారు నమ్మగలగడానికి కారణం, ఆ గొంతు ఎవరిదో, ఆ అక్షరాలు ఎక్కడివో వారికి సందేహం లేకపోవడం. అండమాన్ వివాదాస్పద భూమి కాదు. భూకంపాలకు మాత్రం వివాదాస్పద భూమి, నిర్వివాద భూమి అనే భేదం లేదు.

9. చేయదగినది

పైన చూసిన ఉదాహరణలనుంచి ఒక పద్ధతిని కూర్చుకోవచ్చు. ఐటీయూ పట్టికలో రాజ్యాలు కాని సంస్థలకు చోటున్నది. సభ్యత్వం లేని పాలస్తీనాకు తీర్మానం ద్వారా చోటు దక్కింది. కొసోవో టెలిఫోన్ కోడ్ ఉభయపక్షాల వైఖరులకు భంగం లేకుండా కుదిరింది. ఈ మూడింటినీ జోడిస్తే, పాలన వివాదంలో ఉన్న భూభాగాలకు హోదాతో నిమిత్తంలేని అక్షరశ్రేణిని, ఇది ఎవరి సార్వభౌమాధికార వాదానికీ అనుకూలం గాని ప్రతికూలం గాని కాదన్న స్పష్టమైన ప్రకటనతో, ఐటీయూ స్వయంగా కేటాయించి నమోదు చేసే ఏర్పాటు అసాధ్యమైనది కాదు. ఈ విషయంలో సెర్బియా, సైప్రస్ వంటి దేశాల భయాన్ని తేలికగా తీసివేయకూడదు. తమ నేల చేజారిపోయిందని నమ్మే ప్రజలకు ప్రతి చిన్న అధికారపత్రమూ ఆ నష్టాన్ని శాశ్వతం చేసే సాక్ష్యంగా తోచడం సహజం. కాని అంతర్జాతీయ న్యాయంలో ఒక రాజ్యాన్ని అంగీకరించడమన్నది ఉద్దేశపూర్వకమైన చర్య. సాంకేతిక సహకారంనుంచి దానిని ఊహించి తీయడం తగదు. అక్షరాలు నిరాకరించినందువల్ల ఆ ప్రసారాలు ఆగిపోనూ లేదు. పట్టిక వెలుపల, ఎవరికీ జవాబుదారీ కాని రీతిలో సాగుతున్నాయి. నిరాకరణవల్ల ఏ పక్షానికైనా దక్కిన లాభం ఇంతకంటె ఎక్కువని చూపడం కష్టం.

హామ్‌లకు మాత్రం ఈ తేడా ఎన్నడో బోధపడింది. ఒక కేంద్రం మూగవోయినప్పుడు తోటివారు ఆ కాల్‌సైన్‌ను తలచుకునేటప్పుడు, ఆ అక్షరాలను ఏ ప్రభుత్వం ఇచ్చింది, దానిని ఎందరు అంగీకరించారు అన్నది వారికి పట్టదు. ఒకనాటి రాత్రి తమ పిలుపుకు బదులిచ్చిన మనిషినే వారు గుర్తుచేసుకుంటారు. జెడ్6 అని గాని, 1బీ అని గాని, ఎస్0 అని గాని తనను తాను ప్రకటించుకుంటున్న మనిషికీ అంతటి గుర్తు చాలు. రాజ్యాల నడుమ గుర్తింపు తేలేదాకా అతడి ఆనవాలును పట్టికకు వెలుపల నిలబెట్టడం న్యాయం కాదు.